మూతపడిన గూడ్స్ షెడ్డు మళ్లీ తెరిపించడం ఊరికి లాభమేనా? మా ఊరి అనుభవంతో నా జవాబు

మీ స్టేషన్లో ఎప్పుడో మూతపడిన గూడ్స్ షెడ్డును మళ్లీ తెరిపించాలని కొందరు సంతకాలు సేకరిస్తున్నారని రాశారు. స్టేషన్ పక్క వీధివాళ్లు మాత్రం దుమ్ము, లారీలు, గేటు కష్టాలు చెప్పి వద్దంటున్నారు. ఊరికి నిజంగా లాభముందా, ఉంటే మామూలు జనం రైల్వేని ఎలా ఒప్పించాలి అన్నది మీ ప్రశ్న.

లాభముంది. చాలా ఉంది. అయితే వద్దంటున్నవాళ్లు చెప్పేది కూడా నిజమే కాబట్టి, వాళ్లను పక్కకు నెట్టి షెడ్డు తెచ్చుకుంటే ఆ లాభం సగమే దక్కుతుంది. మా ఊళ్లోనూ మూతపడిన షెడ్డును మళ్లీ తెరిపించుకున్నాం, ఈ రెండూ దగ్గరుండి చూశాను.

గుంటూరు–గుంతకల్ లైను మీద నల్లమల అంచున ఉన్న ఒక మండల కేంద్రం మాది. నాకు ఎరువుల కొట్టుంది. షెడ్డు వల్ల నాకు సొంత లాభం ఉందని ముందే చెబుతున్నాను, అది మనసులో పెట్టుకునే చదవండి.

గూడ్స్ బండి మోసే సరుకెంతో చాలామందికి అంచనా ఉండదు. మూసిన వ్యాగన్లు 42 ఉన్న ఒక రేక్‌లో (రేక్ అంటే ఒకే బండిగా కట్టిన వ్యాగన్ల వరస) సుమారు 2,600 టన్నులు పడుతుంది. యూరియా బస్తా 45 కిలోలు కాబట్టి ఒక్క రేక్ అంటే 57 వేల బస్తాల పైమాటే. అదే సరుకు రోడ్డు మీద రావాలంటే 25 టన్నులు మోసే లారీలు వందకు పైగా కావాలి. ఆ వంద లారీలు మన ఘాట్ రోడ్డు ఎక్కి దిగడం, ఊరి మధ్య సెంటర్లో ఇరుక్కోవడం, మొన్న వేసిన తారు ఈ వానాకాలానికే గుంతలు పడటం, ఇవన్నీ మనం రోజూ చూసేవే.

మా దగ్గర షెడ్డు లేని రోజుల్లో ఎరువుల రేక్ చాలా దూరంలో ఉన్న పెద్ద ఊళ్లో దిగేది. అక్కడి చుట్టుపక్కల మండలాలకు ముందు సర్దేవాళ్లు. మిగిలింది లారీలెక్కి మా దాకా వచ్చేసరికి పదును ఆరిపోయేది. వాన పడిన మూడో రోజుకు పైరుకు యూరియా వేయాలి, ఆరో రోజుకు వస్తే ఏం చేసుకుంటాం? యూరియా ధర దేశమంతా ఒకటే, బస్తా 266 రూపాయల 50 పైసలు. రైలు కిరాయి, రేక్ దిగే స్టేషన్ (రేక్ పాయింట్) నుంచి మండలానికి చేరేసే కిరాయి కూడా కేంద్రం సబ్సిడీలోనే చూసుకోవాలి. కాగితం మీద మాకూ వాళ్లకూ తేడా లేదు. పొలంలో మాత్రం తేడా రోజుల్లో కనిపించేది. 2025 ఖరీఫ్‌లో రెండు రాష్ట్రాల్లోనూ రైతులు సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి యూరియా కోసం నిలబడ్డారు. ఆ కొరతకు కారణాలు వేరు, రేక్ పాయింట్ ఉంటే కొరత రాదని చెప్పను. కానీ వచ్చిన ఆ కాస్త సరుకు మన స్టేషన్లో దిగితే మన సొసైటీకి అదే రాత్రి చేరుతుంది. ఈ ఒక్క మాట కోసమే మా పక్క పల్లెల రైతులు ట్రాక్టర్లు కట్టుకుని మీటింగులకు వచ్చారు.

వచ్చే సరుకు సంగతి అది. ఊరి నుంచి వెళ్లే సరుకు ఇంకా ముఖ్యం. మాది మొక్కజొన్న, కంది, మిర్చి పండే ప్రాంతం. మా మొక్కజొన్న తమిళనాడులో నామక్కల్ వైపు కోళ్లఫారాలకు పోతుంది. లారీల మీద పంపే రోజుల్లో నలుగురైదుగురు కమీషన్ వ్యాపారులే కొనేవాళ్లు, వాళ్లకు తెలిసిన లారీలే తిరిగేవి. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు లారీలు దొరక్క సరుకు కల్లాల్లో పడి ఉండేది, ధర దిగేది. ఇప్పుడు ఒకేచోట రేక్ నింపుకోవచ్చని తెలిశాక దాణా మిల్లుల తరఫు మనుషులు నేరుగా మా ఊరొస్తున్నారు. కొనేవాళ్లు పెరిగితే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక హమాలీలు. రేక్ పడిందంటే మా ఊరి ముఠాలే కాదు, చుట్టుపక్కల కాలనీల నుంచి కూడా మనుషులు వస్తారు. వ్యాగన్లు ఖాళీ చేయడానికి రైల్వే గడువు పెడుతుంది, అది దాటితే డెమరేజ్ అనే జరిమానా పడుతుంది. దించిన సరుకు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతే వార్ఫేజ్ కట్టాలి. అందుకే రాత్రి పన్నెండుకు రేక్ వచ్చినా పని ఆగదు. గుంటూరు మిర్చి యార్డుకో హైదరాబాదుకో వలస పోయే కుర్రాళ్లలో కొందరు ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నారు. ఆ కూలి డబ్బు మా ఊరి అంగళ్లలోనే ఖర్చవుతుంది. స్టేషన్ రోడ్డులో మూతపడిన రెండు హోటళ్లు తెరుచుకున్నాయి. నాకు అన్నిటికంటే సంతోషమనిపించింది ఇదే.

లారీల వాళ్లు ఎదురుతిరుగుతారేమో అని మీరు అడగలేదు గానీ, తప్పకుండా తిరుగుతారు. మా దగ్గర ఒక లారీ ఓనరు మీటింగులోనే లేచి, "అన్నా, మీరంతా కలిసి మా పొట్ట కొడతన్నారు" అన్నాడు. అతనికి అక్కడే ఒక పెద్దాయన, "నాయనా, రైలు మన పొలం దాకా రాదు గదా, షెడ్డు నుంచి పల్లెకు తోలేది నువ్వే గదా" అని సమాధానం చెప్పాడు. పెద్దాయన మాట చాలావరకు నిజమైంది. దగ్గరి కిరాయిలు బాగా పెరిగాయి, మండలంలో చిన్న బండ్లు, ట్రాక్టర్లకు పని దొరికింది. కానీ తమిళనాడు దాకా దూరం తోలే ఒకరిద్దరు నిజంగానే నష్టపోయారు. వాళ్లకు షెడ్డు నుంచి తోలే పనిలో ముందు వరస ఇవ్వాలని వర్తక సంఘంలో తీర్మానం చేసుకున్నాం. మీరూ ఈ మాట ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు రైల్వేని ఒప్పించడం దగ్గరకు వద్దాం. సంతకాల పుస్తకం అక్కర్లేదని నేననను, ఎంపీ గారి దగ్గరకు వెళ్లేటప్పుడు అది ఉపయోగపడుతుంది. కానీ డివిజన్ ఆఫీసులో అది ఎవరినీ కదిలించదు. మేం మాట్లాడిన కమర్షియల్ అధికారి మర్యాదగా కూర్చోబెట్టి అడిగింది ఒక్కటే: "నెలకు ఎన్ని రేకులు ఎక్కిస్తారు, ఎన్ని దించుకుంటారు, ఎవరు ఇండెంట్ వేస్తారు?" అంతే. ఇండెంట్ అంటే వ్యాగన్లు కావాలని రైల్వేకి పెట్టే అర్జీ. ఆయన కోణంలో చూస్తే అది సరైన ప్రశ్న. రైల్వే ఆదాయంలో దాదాపు 65 శాతం సరుకు రవాణాదే, మన ప్యాసింజర్ టికెట్టు చవకగా ఉండటానికి కారణం కూడా ఆ గూడ్స్ బండే. 1950ల్లో దేశంలో సరుకులో 80 శాతానికి పైగా రైలే మోసేది, ఇప్పుడు అది 30 శాతం లోపుకు పడిపోయింది. పోయిన సరుకును మళ్లీ తెచ్చుకోవాలని రైల్వేకీ ఉంది. 2020లో ప్రతి డివిజన్లో బిజినెస్ డెవలప్‌మెంట్ యూనిట్లు పెట్టింది అందుకే. మీరు వెళ్లాల్సిన మొదటి గుమ్మం అదే.

అక్కడికి ఉత్తచేతులతో వెళ్లకండి. మేం ఒక పట్టిక కట్టాం. మండలంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ఏ నెలలో ఏ పంట ఎంత వస్తుంది, అందులో బయటి రాష్ట్రాలకు పోయేదెంత, ఏ ఊరికి పోతుంది, ఇప్పుడు టన్నుకు లారీ కిరాయి ఎంత పడుతోంది. ఎరువులు ఏ నెలలో ఎన్ని టన్నులు కావాలి, ఇప్పుడు ఏ రేక్ పాయింట్ నుంచి ఎన్ని కిలోమీటర్లు తోలుతున్నారు. సిమెంటు డీలర్లు నెలకు ఎంత దించుకుంటారు. రైస్ మిల్లుల నుంచి పోయే బియ్యమెంత. వ్యవసాయ శాఖ మండల ఆఫీసులో పంట లెక్కలు దొరుకుతాయి, మార్కెట్ యార్డులో సెస్సు రసీదుల లెక్క ఉంటుంది, మిగిలింది ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే. వ్యాపారులు సరుకు లెక్క చెప్పడానికి వెనకాడతారు, పన్నుల వాళ్లకు చేరుతుందేమోనని. అందుకని ఎవరి పేరూ రాయకుండా ఊరి మొత్తం కలిపి రాశాం. ఈ పనికి మాకు బాగా సాయపడింది డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న పిల్లలు. ఒక అమ్మాయి మొత్తం పట్టికను కంప్యూటర్లో పెట్టి నెలవారీ గీతలు గీసి ఇచ్చింది. ఆ గీతలు చూశాకే అధికారి కుర్చీలో ముందుకు జరిగి మాట్లాడాడు.

పట్టికతో పాటు రెండు ఉత్తరాలు ఉండాలి. ఒకటి సరుకు కొనే పార్టీ నుంచి: ఈ స్టేషన్లో సదుపాయం ఉంటే మేం ఇక్కడ నుంచే ఎత్తుకుంటాం అని. రెండోది ఎరువుల కంపెనీ నుంచి గానీ రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ నుంచి గానీ: ఈ పాయింట్‌కు రేక్ కేటాయించడానికి మాకు అభ్యంతరం లేదని. మాకు ఈ రెండోది రావడానికే ఎక్కువ కాలం పట్టింది. ఎవరి ఆఫీసు అనేది ఇక్కడ అనవసరం, ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు వెళ్లడానికి ఒక పంట కాలం గడిచిపోయింది. పట్టు వదలకండి.

ఇంకో విషయం, స్టేషన్లో అడుగులు వేసి కొలుచుకోండి. పూర్తి రేక్ ఒకేసారి నిలబడాలంటే సుమారు 700 మీటర్ల లైను కావాలి. పాత షెడ్ల లైన్లు చాలాచోట్ల అందులో సగమే ఉంటాయి, మీటర్‌గేజ్ కాలంలో వేసినవి కదా. సగం లైను ఉంటే బండిని రెండు ముక్కలు చేసి, సగం ఇక్కడ పెట్టి, మిగతా సగం ఇంకో లైనులో ఆపాలి. ఆ ఇంకో లైను మీద ఎక్స్‌ప్రెస్‌లు తప్పుకోవాలంటే బండ్లు నడిపే ఆపరేటింగ్ విభాగం వాళ్లు ఒప్పుకోరు. కమర్షియల్ వాళ్లు సరేనన్నాక కూడా పని ఆగేది ఇక్కడే. మీ లైను డబ్లింగ్‌లో (పక్కన రెండో లైను వేసే పనిలో) ఉంటే మాత్రం అదృష్టవంతులు. గుంటూరు–గుంతకల్ 401 కిలోమీటర్ల డబ్లింగ్ 2016-17లో మంజూరైంది, దాంతో ప్రతి స్టేషన్ యార్డు ప్లానూ కొత్తగా గీయాల్సి వచ్చింది. గూడ్స్ లైను పొడిగించమని అడగాల్సిన సమయం అదే. కాంక్రీటు పోశాక అడిగితే ఎవరూ వినరు. మా ప్రయత్నంలో పెద్ద మలుపు ఏదంటే ఈ ప్లాను సంగతి సకాలంలో తెలియడమే. చెప్పింది మా ఊరి రిటైర్డ్ గ్యాంగ్‌మన్ ఒకాయన.

మా దగ్గర అంత సరుకు లేదండీ అంటారేమో. పూర్తి రేక్ నింపలేని ఊళ్లకు తక్కువ వ్యాగన్లుండే మినీ రేక్, రెండు స్టేషన్లకు పంచే టూ పాయింట్ రేక్ అనే పద్ధతులున్నాయి. పక్క స్టేషన్ వాళ్లతో పోటీ పడకుండా కలిసి అడగండి. అంతకన్నా తక్కువ సరుకైతే పార్శిల్ బండి ఉంది. 2020 జులైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చి వెళ్లిన సంగతి గుర్తుందా? లాక్‌డౌన్‌లో రోడ్డు దారి మూసుకుపోయింది. మామూలు గూడ్స్ బండికి కనీసం 1,500 టన్నులు పోగుచేయాలి, అంత సరుకు ఒక్కసారిగా జత చేయడం మిర్చి రైతుల వల్ల కాలేదు. అప్పుడు గుంటూరు డివిజన్ వాళ్లు 16 పార్శిల్ వ్యాన్లతో ప్రత్యేక బండి కట్టి 384 టన్నులు పంపారు. టన్నుకు 4,608 రూపాయలు పడింది. రోడ్డు మీదైతే 7,000 అయ్యేది. దేశం సరిహద్దు దాటిన మొదటి ప్రత్యేక పార్శిల్ బండి అది. రైల్వేవాళ్లే రైతుల దగ్గరకు వెళ్లి ఏర్పాటు చేశారు. మన సరుకు లెక్క వాళ్ల చేతిలో ఉంటే వాళ్లే మన దగ్గరకు వస్తారనడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది. అదే సంవత్సరం జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు 43 చల్లని కంటైనర్లలో 980 టన్నుల అరటి వెళ్లింది.

అయితే సబ్సిడీని నమ్ముకుని ప్రణాళిక వేయకండి. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు బయల్దేరినప్పుడు మేమంతా ఎంతో ఆశపడ్డాం. పండ్లు, కూరగాయలకు కిరాయిలో సగం సబ్సిడీ ఉండేది. తర్వాత ఆ సబ్సిడీ ఆగిపోయింది, బండ్లూ తగ్గిపోయాయి. మీ పట్టికలో లెక్క సబ్సిడీ లేకుండా నిలబడాలి.

ఇక స్టేషన్ పక్క వీధి. దయచేసి వాళ్లను అభివృద్ధికి అడ్డమనే మాట అనకండి. మా దగ్గర అలా అన్న ఒకాయన్ని అందరి ముందే ఆపాల్సి వచ్చింది. సిమెంటు రేక్ దిగే రోజున ఆ వీధిలో బట్టలు ఆరేయలేరు. ఒక ఇంట్లో ఉబ్బసం ఉన్న పాప ఉంది, వాళ్లమ్మ మీటింగుకు వచ్చి, "మీ వ్యాపారం మంచిదే బాబాయ్, నా బిడ్డ ఊపిరి సంగతేంది?" అని నిలదీసింది. ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసుకోకుండా మేం ముందుకు పోకూడదనుకున్నాం. ఆమెనే కమిటీలోకి తీసుకున్నాం. ఊరు రైల్వేని ఏం అడగాలో సగం ఆమే రాయించింది. ప్లాట్‌ఫారం మట్టిది కాకుండా కాంక్రీటుది కావాలి, పైకప్పు కావాలి. సరుకు దించేటప్పుడు నీళ్లు చల్లాలి. లారీలు బడి వీధిలో కాకుండా పొలాల వైపు కొత్త దారిలో పోవాలి. హమాలీలకు తాగునీరు, మరుగుదొడ్లు, కూర్చునే గది ఉండాలి, లేకపోతే ఆ ఇబ్బంది కూడా వీధి మీదే పడుతుంది. గూడ్స్ షెడ్ల అభివృద్ధి పనుల్లో వెలుతురు, హమాలీ గది, వర్తకుల గది, అప్రోచ్ రోడ్డు వంటివి రైల్వేనే చేర్చుకుంటుంది కాబట్టి ఇవి గొంతెమ్మ కోర్కెలేమీ కావు. పంచాయతీ తీర్మానంలో ఇవన్నీ రాసి పంపాం.

అన్నీ రాలేదు. కాంక్రీటు, కొత్త దారి, నీళ్లు వచ్చాయి. పైకప్పు సగమే వేశారు. పగలు బడి సమయంలో సిమెంటు దించకూడదన్న మాట కొన్నాళ్లు నడిచి, సడలిపోతే మళ్లీ వెళ్లి గట్టిగా అడగాల్సి వచ్చింది. గేటు కష్టం ఇంకా తీరలేదు. షంటింగ్ (వ్యాగన్లను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చడం) జరిగే పూట గేటు పడిందంటే అటువైపు పల్లెల వాళ్లు ఎండలో నిలబడిపోతున్నారు, ఒకసారి 108 బండి కూడా ఆగింది. కింద వంతెన ఇస్తామంటే మేం ఒప్పుకోలేదు. వానాకాలంలో ఆ వంతెనలు చెరువులైపోవడం చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో చూడలేదు! పై వంతెన కోసం అడుగుతూనే ఉన్నాం. మీరు ఈ గేటు సంగతి షెడ్డుతో పాటే, ఒకే కాగితంలో అడగండి. తర్వాత విడిగా అడిగితే అది వేరే శాఖ ఫైలు అయిపోతుంది.

మా ఊళ్లో పాతవాళ్లకు ఈ షెడ్డు మీద ప్రేమ ఎక్కువ. 1876–78 నాటి ధాత కరువులో ఈ సీమలో జనం తిండి లేక చనిపోయారు, ధాన్యం ఉన్న చోటు నుంచి లేని చోటుకు తోలే దారులు చాలకపోవడమూ అందుకు ఒక కారణం. ఆ తర్వాతి దశకంలో కరువు రక్షణ లైనుగానే గుంతకల్ నుంచి నంద్యాల, నల్లమల మీదుగా బెజవాడ వైపు ఈ లైను వేశారు. అంటే మా లైను పుట్టిందే గింజలు మోయడానికి. 1990ల్లో బ్రాడ్‌గేజ్ అయ్యాక ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాయి, మా షెడ్డు మూతపడింది. గూడ్స్ బండ్లు మా ఊరి మీదుగా ఆగకుండా పోతూంటే మా నాన్న అరుగు మీద కూర్చుని వ్యాగన్లు లెక్కపెట్టేవాడు.

మీరు మొదట చేయాల్సిన పని ఈ పంట కాలంలోనే లెక్కలు పోగుచేయడం. పట్టిక చేతికొచ్చాక డివిజనల్ రైల్వే యూజర్ల సలహా కమిటీలో మీ జిల్లా నుంచి ఎవరున్నారో కనుక్కోండి. వర్తక సంఘాల వాళ్లు, రైతు ప్రతినిధులు, ఎంపీ నియమించినవాళ్లు అందులో ఉంటారు. అజెండాలో మీ స్టేషన్ పేరు రాతపూర్వకంగా ఎక్కించమనండి. అజెండాకెక్కిన అంశానికి రైల్వే మామూలుగా రాతలోనే జవాబిస్తుంది, ఆ జవాబు మీ తర్వాతి ఉత్తరానికి ఆధారమవుతుంది. ఎంపీ గారిని ఆ తర్వాతే కలవండి, ఆయన చేతిలో లెక్క పెడితే ఆయన మాటకు బలం ఉంటుంది. సొంత ఖర్చుతో టెర్మినల్ కట్టే కంపెనీ ఏదైనా మీ దగ్గర ఉంటే, 2021 డిసెంబరులో వచ్చిన గతిశక్తి కార్గో టెర్మినల్ విధానం గురించి కూడా అడగండి. అయితే ప్రైవేటు టెర్మినల్లో మామూలు రైతు సరుకు, చిన్న డీలరు సరుకు తీసుకుంటారో లేదో ముందే తేల్చుకోండి.

మీ స్టేషన్లో పాత గూడ్స్ లైను ఎన్ని మీటర్లుంది, దగ్గరి రేక్ పాయింట్ ఎంత దూరం, మీ మండలంలో ప్రధాన పంటేమిటి, ఈ మూడూ కింద రాయండి. మేం వాడిన పట్టిక నమూనాలో ఏ గడులు మీకు పనికొస్తాయో అప్పుడు చెప్పగలను.